చల్లదనమును కొలుచుట



నేటి నా ప్రసంగము శీతలయంత్రముల కొలతలను గూర్చినది. ‘పని విరమించిన బడిపంతులునకు మంచుయంత్రములతో ఏమి సంబంధము?’ అని పెద్దలలో కొందరికి తోచవచ్చును. సంబంధము లేకపోలేదు. ఇప్పుడు మన కృష్ణాడెల్టాలో మంచుతో పనిలేని ఊరు కానరాదు. బందరు చెంత గిలకలదిండి రేవున పడవ దిగిన చేప మంచుపెట్టెలోనికే పోవును. దివిసీమలో నాగాయలంక, కోడూరు ప్రాంతములందు పట్టిన రొయ్య గట్టు దాటకమునుపే మంచును చేరవలెను. గుడివాడలో మందుల అంగడివాడును, పాలవర్తకుడును చల్లని పెట్టె లేనిదే వ్యాపారము చేయజాలరు. మన ఇండ్లలోనికి గూడ ఏసీలు, ఫ్రిజ్‌లు వచ్చి చేరినవి. ఆ యంత్రములపై ముద్రించిన అంకెల అర్థము తెలియనిచో నష్టపడువారము మనమే.

ఆ నష్టము ఎట్టిదో మా కుటుంబములో జరిగిన సంగతి ఒకటి చెప్పెదను. మా చెల్లెలి మనుమడు శీతలయంత్రముల మరమ్మతు నేర్చినవాడు. రెండేండ్ల క్రిందట దివిసీమలో ఒక రొయ్యల వర్తకునికి చిన్న మంచుగది యంత్రమును బిగించు పని అతనికి కుదిరెను. ఇట్టి పనిలో గొట్టములన్నియు అతికిన పిమ్మట, గ్యాసు నింపుటకు ముందు, లోపల నత్రజని వాయువును గట్టి ఒత్తిడితో నింపి, ఎక్కడనైనను కారుచున్నదేమో పరీక్షింపవలెను. యంత్రముతో వచ్చిన కాగితములో ఆ ఒత్తిడి 40 బార్లు ఉండవలెనని యున్నది. కుర్రవాని చేతిలోని గేజి పాతది. దాని ముఖముపైని అంకెలు చదరపు అంగుళమునకు ఇన్ని పౌనులు అను లెక్కలో నున్నవి. ముల్లు 40 మీదికి రాగానే అతడు నింపుట మానెను. రాత్రియంతయు అట్లే ఉంచి ఉదయమున చూడగా ముల్లు కదలలేదు. అంతట తృప్తిపడి గ్యాసు నింపి ఇంటికి వచ్చెను.

ఒక బారు అనగా సుమారు 14.5 పౌనుల ఒత్తిడి. 40 బార్లు అనగా 580 పౌనులు. మావాడు పరీక్షించినది అందులో పదునాలుగవ వంతునకు గూడ తక్కువ. మూడవనాటి రాత్రి యంత్రము నిండు ఒత్తిడితో నడుచుచుండగా ఒక అతుకు విడిపోయెను. గ్యాసంతయు పోయెను. తెల్లవారి తలుపు తీయునప్పటికి గదిలోని రొయ్యలు వాసన పట్టియుండెను. వర్తకుడు కేకలు వేయలేదు గాని కూలి ఇయ్యలేదు. సరుకు విలువలో సగము కుర్రవాడే తీర్చుకొనవలసి వచ్చెను. ఆ అప్పు తీరుటకు ఒక సంవత్సరము పట్టినది.

ఆ వారములో అతడు నాయొద్దకు వచ్చి కూర్చుండెను. “తాతగారూ, కాగితంలో నలభై అని ఉంది. ముల్లు నలభై మీదే నిలిచింది. మరి నా తప్పేమిటి? ఈ పని నాకు అచ్చిరాదు, మానేస్తాను” అనెను.

“నాయనా, నీకు లోపించినది యంత్రజ్ఞానము కాదు, వ్యాకరణము” అంటిని. నలుబది అనునది విశేషణము. బారు, పౌను అనునవి విశేష్యములు. విశేష్యమును విడిచి విశేషణమును మాత్రమే పట్టుకొనినచో అర్థము కుదురదు. ‘తెల్లనిది తెమ్ము’ అనినచో పాలను తేవలెనో, సున్నమును తేవలెనో ఎవరు చెప్పగలరు? రెండును తెల్లనివే గదా యని సున్నము త్రాగువాడు లేడు. అట్లే అంకె ఒక్కటియే యైనను పౌనులును బార్లును ఒక్కటి కావు.

ఈ మాటలు అతనితో చెప్పితినే గాని ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. చిన్ననాడు ఆ కుర్రవానికి లెక్కలు చెప్పినవాడను నేనే. జవాబులోని అంకె సరిపోయినయెడల దాని ప్రక్కన మీటరో, కిలోయో వ్రాయకున్నను పూర్తి మార్కులు వేసినవాడనును నేనే. పిల్లవాడు ఇంత తెలివిగలవాడు గదా, మానము పేరు వ్రాయలేదని అరమార్కు కోయుట ఏల యనుకొంటిని. ఆనాడు నేను కోయని ఆ అరమార్కునకు అతడు దివిసీమలో రొయ్యల వెల చెల్లించుకొనెను. కావున ఈ ప్రసంగము నాకును ఒక విధమైన బాకీ తీర్చుకొనుటయే.

కొలతలు మారుట మనకు కొత్త కాదు. తొలుత బందరునే చూడుడు. వలందపాలెము, ఇంగ్లీషుపాలెము, పరాసుపేట అను పేరులు ఆ పట్టణమున నేటికిని ఉన్నవి. ఇంగ్లీషు కంపెనీవారు 1611లో అచ్చట కోఠీ పెట్టిరి. వారి వెంటనే వారి పౌనును, అంగుళమును మన తీరమునకు దిగినవి. పరాసులు, అనగా ఫ్రెంచివారు, 1759లో బందరును ఆంగ్లేయులకు కోల్పోయిరి. నాటికి వారియొద్దను మీటరు లేదు. దశాంశ పద్ధతిలో పెరుగు మీటరు, గ్రాము మొదలగు మానములు వారి దేశమున చట్టమైనది 1795లో. అవి మన దేశమునకు వచ్చుటకు ఇంకను నూట అరువది ఏండ్లు పట్టెను.

1957 ఏప్రిల్ 1వ తేదీన రూపాయికి నూరు నయాపైసలు వచ్చిన సంగతి మీలో వయసుమీరినవారు ఎరుగుదురు. నాలుగణాలకు 25 నయాపైసలు సరిగా వచ్చును గాని, అణాకు 6.25 రావలెను. పైసను చీల్చుటకు వీలులేదు గనుక అణాకు 6 అని సరిపెట్టుకొనిరి. తూనికల కొలతల చట్టము 1956లో అయినది. 1958 అక్టోబరు మొదలుకొని కిలోగ్రాములు దఫదఫాలుగా అంగళ్లలోనికి వచ్చినవి. మన పెద్దలు వీసెను విడిచి కిలోను పట్టుకొనిరి. వీసె అనగా 120 తులములు, సుమారు కిలో 400 గ్రాములు. వీసెకు అయిదు సేర్లు, మణుగునకు ఎనిమిది వీసెలు.

ఇచ్చట ఒక విషయము గమనింపుడు. మన సేరు 24 తులములు, అనగా 280 గ్రాములు. ఉత్తరదేశపు సేరు 80 తులములు, అనగా 933 గ్రాములు. పేరు ఒక్కటియే, పదార్థము వేరు. ఉత్తరాదివానికి పది సేర్లు అమ్మెదనని మాట ఇచ్చి, ఎవరి సేరో తేల్చుకొనని వర్తకుడు మూడింతలకు పైగా ఇచ్చుకొనవలసి వచ్చును. శీతలయంత్రముల టన్నుకథయు ఇట్టిదే.

ఏసీ కొనబోవునపుడు ‘టన్నా, టన్నున్నరా?’ అని అడుగుదురు. ఆ టన్ను యంత్రపు బరువు కాదు. ఆ పేరు ఎట్లు వచ్చినదనగా, మంచుయంత్రము వ్యాప్తిలోనికి రాకమునుపే మంచుబేరము సాగినది. అమెరికాలోని బోస్టను నగరపు వర్తకుడు ఫ్రెడరిక్ ట్యూడర్ అనునాతడు చలికాలమున గడ్డకట్టిన చెరువుల మంచును కోయించి, ఓడల కెక్కించి, 1833లో కలకత్తాకు పంపెను. ఆ మంచును దాచుటకు చెన్నపట్టణపు సముద్రతీరమున 1842లో కట్టిన ‘ఐస్ హౌస్’ మేడ నేటికిని నిలిచియున్నది. వివేకానందస్వామి 1897లో కొన్నినాళ్లు బసచేసిన మేడ అదియే. తరువాత యంత్రములు వచ్చినపుడు, మంచుకు అలవాటుపడిన జనులకు వాని శక్తిని మంచు పేరుతోనే చెప్పవలసివచ్చెను. ఒక టన్ను మంచు ఇరువదినాలుగు గంటలలో కరిగి ఎంత వేడిని పీల్చుకొనునో, అంత వేడిని అంత కాలములో తీసివేయగల యంత్రమునకు ‘ఒక టన్ను యంత్రము’ అని పేరు పెట్టిరి.

అయితే ఏ టన్ను? ఇంగ్లండువారి టన్ను 2240 పౌనులు, అనగా 1016 కిలోలు. మెట్రిక్ టన్ను సరిగా 1000 కిలోలు. అమెరికావారి చిన్న టన్ను 2000 పౌనులు, అనగా 907 కిలోలు. శీతలయంత్రపు టన్ను ఈ చిన్న టన్నునుండి పుట్టినది. కిలో మంచు కరుగుటకు 80 కిలోకేలరీల వేడి పట్టును. 907 కిలోలకు లెక్కకట్టి 24 గంటలకు పంచినచో గంటకు సుమారు 3024 కిలోకేలరీలు వచ్చును. దీనినే నేటి మానములో 3.5 కిలోవాట్లు అందురు. టన్నున్నర అనగా 5.3 కిలోవాట్లు. ఇప్పుడు ఏసీలపై అంటించు చీటీలలో చల్లార్చు శక్తిని వాట్లలోనే ముద్రించుచున్నారు. అంగడివాడు నోటితో టన్ను అనును, చీటీ వాట్లు అనును. రెండు సంగతులును తెలిసినవాడే మోసపోకుండును, ఏలయనగా టన్నున్నర పేరుతో అమ్మబడు యంత్రములన్నిటికిని వాట్లు సమానముగా నుండవు.

ఇక్కడ మరియొక చిక్కు కలదు. ‘అయిదు కిలోవాట్ల యంత్రమా! గంటకు అయిదు యూనిట్లు కాలిన మా ఇల్లు గుల్లయగును’ అని మా వీధిలో ఒక పెద్దాయన ఏసీ కొనుట మానుకొనెను. ఆ భయము అకారణము. మన పొలములలో మోటారు నీటిని పుట్టింపదు, కాలువనుండి ఎత్తి చేనిలో పోయును. శీతలయంత్రమును అట్లే చల్లదనమును పుట్టింపదు. గదిలోని వేడిని ఎత్తి బయట పోయును. ఎత్తిపోయబడు వేడి ఒక లెక్క, ఎత్తుటకు పట్టు కరెంటు మరియొక లెక్క. రెండింటిని కిలోవాట్లలోనే చెప్పుదురు గనుక భ్రాంతి కలుగును. చీటీలో మొదటిదానిని రెండవదానితో భాగించిన నిష్పత్తియు ఉండును. అది 4 అయినయెడల, 5.3 కిలోవాట్ల వేడిని తోడుటకు గంటకు సుమారు 1.3 యూనిట్లు చాలును. ఈ నిష్పత్తి హెచ్చినకొలది నక్షత్రములు హెచ్చును. కరెంటు పొదుపును దేశమంతట ఈ నక్షత్రములతో తెలుపు పద్ధతి 2006లో మొదలైనది.

ఇక డిగ్రీల సంగతి. ఫారన్‌హీట్ అను పండితుని కొలత 1724 నాటిది. సెల్సియస్ అను పండితుని కొలత 1742 నాటిది. మొదటిదానిలో నీరు 32 దగ్గర గడ్డకట్టి 212 దగ్గర మరుగును. రెండవదానిలో సున్న దగ్గర గడ్డకట్టి నూరు దగ్గర మరుగును. ప్రమాదమంతయు ఈ సున్నతోనే వచ్చుచున్నది. పాత యంత్రములు నడపినవాడు ‘గడ్డకట్టిన సరుకును సున్నలో ఉంచుము’ అనినచో అది ఫారన్‌హీట్ సున్న. సెల్సియస్‌లో అది సున్నకు క్రింద 18 డిగ్రీలు. ఎగుమతి రొయ్యలను నిలువచేయవలసినది ఆ చలిలోనే. క్రొత్తవాడు ఆ మాట విని తన యంత్రమును సెల్సియస్ సున్నలో నిలిపెనా, గడ్డలు మెత్తబడి సరుకు చెడును. అతడును సున్న అనెను, ఇతడును సున్న అనెను. నడుమ 18 డిగ్రీలు మాయమైనవి.

ఇంటిలోను ఇట్టి పొరపాటు కలుగుచుండును. పసిబిడ్డకు ఒడలు కాలుచున్నదని కొత్త జ్వరమాపిని పెట్టిచూచిన అవ్వగారు 39 అని చూచి, ‘తొంబదియెనిమిది దాటలేదు, జ్వరము లేదు’ అని ఊరకుండును. సెల్సియస్ 39 అనగా ఫారన్‌హీట్ 102 దాటిన జ్వరము.

డిగ్రీలను ఒక కొలతనుండి మరియొకదానికి మాటిమాటికి మార్చుకొనుటకంటె, కొన్ని గుర్తురాళ్లను మనసులో పాతుకొనుట మేలు. బందరునుండి గుడివాడకు పోవువాడు మైళ్లను కిలోమీటర్లుగా గుణించుకొనుచు పోడు, దారిలోని ఊళ్లను చూచుకొనుచు పోవును. అట్లే సెల్సియస్ దారిలో: గడ్డకట్టిన రొయ్యకు సున్నకు క్రింద 18, కరుగు మంచునకు సున్న, టీకామందులకు 2 మొదలు 8, ఇంటి ఫ్రిజ్‌లోని పాలకు 4, ఏసీ గదికి 24, ఆరోగ్యముగానున్న దేహమునకు సుమారు 37, మరుగు నీటికి 100. ఈ ఏడును కంఠస్థమైనచో తక్కినవి వాని నడుమ తామే అమరును. 2020 జనవరి నుండి గది ఏసీలను కార్ఖానాలోనే 24 డిగ్రీల దగ్గర నిలిపి పంపవలెనని ప్రభుత్వము నియమము చేసినది.

కొత్త మానములలో లెక్క ఎంత సులువో రేవువారికి పనికివచ్చు ఉదాహరణముతో చూపెదను. నూరు కిలోల చేప 30 డిగ్రీల వేడితో నున్నది. దానిని సున్నవరకు చల్లార్చుటకు ఎంత మంచు కావలెను? కిలో నీటిని ఒక డిగ్రీ చల్లార్చుటకు ఒక కిలోకేలరీ తీయవలెను. చేపకు అందులో పదింట ఎనిమిది పాళ్లు. 100ను 30తో, దానిని 0.8తో గుణించినచో 2400. కిలో మంచు 80 పీల్చును గనుక, 2400ను 80తో భాగించినచో 30 కిలోలు. ఇది చేపలోని వేడికి మాత్రమే. ఎండవేడికిని, త్రోవలోని కరుగుదలకును చాలునట్లు చేపతో సమానమైన తూకము మంచు వేయవలెనని తెలిసినవారు చెప్పుదురు. ఈ లెక్కను వీసెలలో చేసినను నూరు వీసెలకు ముప్పది వీసెలే వచ్చును. మానము మారినను ధర్మము మారదు. చేపను వీసెలలో తూచి మంచును కిలోలలో వేసినపుడే ధర్మము చెడును.

శీతలయంత్రముల పనివారికి ఒక మాట. మన పనిలో అన్నియు మెట్రిక్‌లోనికి రాలేదు. రాగి గొట్టములు ఇంకను అంగుళపు లెక్కలోనే వచ్చుచున్నవి. అంగుళములో ఎనిమిదవ వంతును మీరు సూతు అందురు. మూడు సూతుల గొట్టము 9.52 మిల్లీమీటర్లు. దానిని ‘పది’ అని నోటితో అనవచ్చును గాని, నిజముగా పది మిల్లీమీటర్ల గొట్టమును తెచ్చి మూడు సూతుల నట్టులో బిగింపరాదు. తేడా అర మిల్లీమీటరునకు లోపే. గ్యాసు పారిపోవుటకు అంత సందు చాలును. కావున కొలతను మార్చి పలుకుట వేరు, వస్తువును మార్చుట వేరని ఎరుగుడు. గేజి ముఖముపై రెండు మూడు వలయములలో వేర్వేరు అంకెలుండును. ముల్లును చూచుటకు ముందు ఏ వలయము ఏ మానమో చదువుడు.

మావాడు సిగ్గుతో కుమిలిపోవుచుండగా అతనికి ఒక కథ చెప్పితిని. 1983 జూలై 23వ తేదీన కెనడా దేశమున ఒక పెద్ద విమానము ఆకాశమధ్యమున ఇంధనము అయిపోయి రెండు యంత్రములును ఆగిపోయినవి. దానికి 22,300 కిలోల ఇంధనము కావలసియుండెను. ఆ దేశము అప్పుడే మెట్రిక్ మానములకు మారుచుండెను. లెక్కకట్టినవారు పాత అలవాటున పౌనుల గుణకమును వాడిరి. అంకె సరిగానే వచ్చెను, పేరు తప్పెను. సగమునకు తక్కువ ఇంధనముతో విమానము లేచెను. విమానచోదకుడు నేర్పరి గనుక దానిని గాలిలో తేల్చుకొనుచు గిమ్లీ అను ఊరిలోని పాత విమానస్థలమున దింపెను. ప్రాణములు దక్కినవి. “అంత చదువుకున్నవాళ్లే పొరపడ్డారా, తాతగారూ!” అని కుర్రవాడు మొదటిసారి తలయెత్తెను. “పొరపడిరి. కాని ఆ పిమ్మట ఎవరును విమానములు నడుపుట మానలేదు, లెక్క వ్రాయు పద్ధతిని దిద్దుకొనిరి” అంటిని.

పెద్దలారా, మీ ఇండ్లలో మనుమలు లెక్కలు చేయునపుడు ఒక్కసారి తొంగిచూడుడు. అంకె ప్రక్కన మానము పేరు లేనిచో, ‘ఎన్ని? అని కాదు, ఎన్ని ఏమి?’ అని అడుగుడు. యంత్రము కొనునపుడును, మంచు కొనునపుడును, పనివానికి కాగితము చూపునపుడును అదే ప్రశ్న అడుగుడు. ఆ ప్రశ్నకు డబ్బు ఖర్చు లేదు. అడుగకున్నచో ఎంత ఖర్చో మా కుటుంబము ఎరుగును.

మావాడు పని మానలేదు. గత వేసవిలో అదే వర్తకుడు మరల పిలిపించి రెండవ గది యంత్రమును అతనిచేతనే పెట్టించుకొనెను. నేనును చూడబోయితిని. గోడమీద సుద్దముక్కతో పెద్ద అక్షరములలో ‘40 బార్లు = 580 పౌనులు’ అని వ్రాసి, దాని క్రింద నిలుచుండి ముల్లును చూచుచుండెను. ఆనాడు అతనికి మనసులోనే పూర్తి మార్కులు వేసితిని.